బండికి వారసుడెవరు?

రాజ్యములకు వారసత్వపు చిక్కు వచ్చినపుడు చరిత్రకారులు గ్రంథములు వ్రాసిరి. పెద్ద పరిశ్రమల యజమాని మంచము పట్టినపుడు పత్రికలవారు పుటలకు పుటలు వ్రాయుచున్నారు. వీధి మొగలో ఇడ్లీ బండి నడుపువాడు మంచము పట్టినచో ఆ బండి ఏమగునని అడుగువారు లేరు. నాలుగు దినములు బండి కానరాకున్న మనము మరియొక బండికడకు పోవుదుము. అంతటితో మన చింత తీరును. కాని ఆ బండిపై తరచుగా రెండు కుటుంబములు ఆధారపడియుండును. ఒకటి యజమానిది, రెండవది ఆ యజమానితో పదియేండ్లో పదునైదేండ్లో పొయ్యి ముందు నిలిచిన సహాయకునిది. మొదటి కుటుంబమును చట్టము ఎరుగును. రెండవదానిని ఎరుగదు. ఈ వ్యాసమున నేను విచారింపదలచినది ఈ ఎరుగకపోవుటను గూర్చియే.

ఇది కొద్దిమంది గోడు కాదు. కేంద్ర గణాంక శాఖవారు 2023-24లో జరిపిన సర్వే ప్రకారము మన దేశమున తయారీ, వర్తక, సేవారంగములలో కంపెనీలుగా ఏర్పడని చిన్న సంస్థలు 7.34 కోట్లు. వానిలో పనిచేయువారు 12 కోట్లకు పైబడియున్నారు. టీ కొట్లు, టైలరు షాపులు, సైకిలు మరమ్మతు షెడ్లు, కిరాణా కొట్లు, మెస్సులు, తోపుడు బండ్లు అన్నియు ఇందు చేరును. వీనిలో అధికభాగము ఒక్క మనిషి ఆరోగ్యముపై నడుచునవి. ఆ మనిషి పడిపోయిననాడు వ్యాపారము ఎవరి చేతికి పోవలెను? ఎవరి చేతికి పోవుచున్నది? ఈ రెండు ప్రశ్నలకు జవాబులు వేరుగా నుండుటయే నేటి సమస్య.

ఒక బండి వృత్తాంతము

మా కళాశాలకు పోవు దారిలో ఒక ఇడ్లీ బండి కలదు. దాని యజమానికి అరువదేండ్లు దాటినవి. ఆయన పేరు మాలో పెక్కుమందికి తెలియదు. విద్యార్థులకు, ఆటోవారికి, అధ్యాపకులకు గూడ ఆయన ‘బాబాయి’యే. పదునారేండ్ల క్రిందట పదవ తరగతి తప్పిన యొక కుర్రవాడు ప్లేట్లు కడుగుటకై ఆ బండికడ చేరెను. క్రమముగా పప్పు నానవేయుట, పిండి రుబ్బుట, పెనము అదను చూచుట, అల్లపు చట్నీ కలుపుట నేర్చెను. ఎండకాలమున పిండి ఎంతసేపు పులియవలెనో, చలికాలమున ఎంతసేపో, ఏ కొట్టున మినప్పప్పు మంచిదో, ఏ ఖాతావారు నెలాఖరున బాకీ తీర్తురో, ఎవరికి అరువు పెట్టరాదో ఆతనికి తెలిసినంతగా యజమాని కన్నకొడుకునకు తెలియదు. కొడుకు బెంగుళూరున ఉద్యోగము చేయుచున్నాడు. తండ్రి ఆతనిని చదివించినదే పొయ్యి సెగనుండి తప్పించుటకు. కావున ఇందు కొడుకు తప్పేమియు లేదు.

మూడేండ్ల క్రిందట బాబాయికి మూత్రపిండములు చెడినవి. వారమునకు మూడుమార్లు డయాలిసిస్ చేయించుకొనవలసివచ్చెను. ఒకనాడు ఆసుపత్రికి పోవుచు, “ఇవాళ నువ్వే చూసుకో అబ్బాయ్” అని చెప్పి పోయెను. ఆ ‘ఇవాళ’ నేటికిని ముగియలేదు. వ్యాపారము చేతులు మారినది ఆ ఒక్క మాటతోనే. కాగితము లేదు, సాక్షులు లేరు, ధర నిర్ణయము లేదు. వారమునకింతయని కుర్రవాడు బాబాయి ఇంట ఇచ్చుచున్నాడు. మిగిలినదానితో తన ఇల్లు గడుపుకొనుచున్నాడు. ఇద్దరి మధ్య నమ్మకమునకు లోటు లేదు. నమ్మకమునకు లోటు లేనిచోట చిక్కులెట్లు పుట్టునో చూడుడు.

మొదటి చిక్కు డబ్బుది. బండికి అంటించిన స్కానరు బాబాయి బ్యాంకు ఖాతాకు చెందినది. విద్యార్థులలో నూటికి తొంబదిమంది చిల్లర తీయరు, ఫోను చూపుదురు. “ముప్ఫై రూపాయలు అందినవి” అని సౌండు బాక్సు పలుకును. అందినది పొయ్యి ముందున్నవానికి కాదు, ఆసుపత్రి మంచముపై నున్నవానికి. బాబాయి పదిదినములు ఆసుపత్రిలోనే ఉండవలసివచ్చినపుడు, బండికడ బేరము బాగుగనే సాగినను, మరునాటి పప్పు కొనుటకు కుర్రవాని చేత రొక్కము లేకపోయెను. ఆతడు దినవడ్డీకి అప్పు చేసెను. 2020 జూనులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన స్వనిధి పథకము క్రింద వీధి వ్యాపారులకు హామీ లేకయే బ్యాంకులు అప్పులిచ్చుచున్నవి. మొదట 10 వేలు, తరువాత 20 వేలు, 50 వేలు; 2025లో మొదటి రెండు వాయిదాలను 15 వేలకు, 25 వేలకు పెంచిరి. కాని ఆ అప్పు వీధి వ్యాపారిగా గుర్తింపు పొందినవానికే. ఆ గుర్తింపు బాబాయిది. పొయ్యి వెలిగించువాడు వ్యాపారి కాడు, వెలిగింపలేనివాడు వ్యాపారి!

రెండవ చిక్కు స్థలముది. రోడ్డు వెడల్పు చేయుటకు ముందు పురపాలకసంఘమువారు బండ్లను లెక్క వ్రాసుకొనుచు వచ్చిరి. నేనప్పుడు అచ్చటనే ఉంటిని. ఉద్యోగి కార్డు చూచి, కుర్రవానిని చూచి, “ఈయన నీకేమవుతాడు?” అని అడిగెను.

“బాబాయండీ.”

“సొంత బాబాయేనా?”

కుర్రవాడు అట్లకాడ చేతబట్టుకొని నా వంక చూచెను. నేను తల వంచుకొంటిని. ఇరువదియైదేండ్లుగా తెలుగు పాఠములు చెప్పుచున్న నాకు ఆ ‘సొంత’ అను మాటకు అర్థము చెప్పుటకు ఆనాడు నోరు రాలేదు.

చట్టము చెప్పునదేమి?

ఆ ఉద్యోగిని తప్పుపట్టుటకు వీలులేదు. ఆయన అడిగినది చట్టము అడుగుమన్న ప్రశ్నయే. వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ, వీధి విక్రయముల నియంత్రణ చట్టము 2014లో వచ్చినది. అంతకుముందు చిరకాలము వీధి వర్తకుడు పోలీసు లాఠీకి, ఆశీలు వసూలుదారునకు లోబడి బ్రదికినవాడే. కాలిబాటపై వర్తకము కూడ రాజ్యాంగము హామీ యిచ్చిన వృత్తి స్వాతంత్ర్యములోనిదే యని, అది నియమములకు లోబడియుండవలెనని సుప్రీంకోర్టు 1989లో సోదన్ సింగ్ కేసున తీర్పు చెప్పెను. పావు శతాబ్దము గడచిన పిమ్మట ఆ భావమునకు చట్టరూపము లభించినది. అయిదేండ్లకొకసారియైన వ్యాపారులను సర్వే చేయవలెనని, వారికి విక్రయ ధ్రువపత్రములీయవలెనని, సర్వే ముగిసి పత్రములిచ్చువరకు ఎవ్వరిని తొలగింపరాదని, పట్టణ విక్రయ కమిటీలో నూటికి 40మందికి తగ్గకుండ వ్యాపారుల ప్రతినిధులే యుండవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. ఇది మంచి చట్టము.

ఆ చట్టమునందలి అయిదవ విభాగము మన ప్రశ్నకు సంబంధించినది. ధ్రువపత్రము పొందువాడు వ్యాపారమును తానుగాని తన కుటుంబసభ్యులుగాని నడుపుదురని మాట యీయవలెను. పత్రమునుగాని స్థలమునుగాని అద్దెకైనను ఇతరులకు బదిలీ చేయరాదు. ఆతడు మరణించినను, శాశ్వతముగ అంగవైకల్యము పొందినను, జబ్బు పడినను, ఆతని స్థానమున మొదట భార్యగాని భర్తగాని, తరువాత ఆతనిపై ఆధారపడిన సంతానముగాని, పత్రము గడువు తీరువరకు వ్యాపారము చేయవచ్చును. అంతియే. ‘సొంత బాబాయి’ అని కుర్రవాడు బొంకినను ప్రయోజనము లేకుండెడిది. అన్న కొడుకునకు గూడ అందు చోటు లేదు. పదునారేండ్లు పనిచేసిన సహాయకుని మాట చెప్పనేల?

తక్కిన చట్టములును ఈ దారినే నడచుచున్నవి. ఆహార భద్రత నమోదు పత్రము గలవాడు మరణించినచో అది 90 దినములు ఆతని వారసులకో కుటుంబసభ్యులకో చెల్లును. “నువ్వే చూసుకో” అని యజమాని అప్పగించుట చట్టదృష్టిలో ప్రతినిధిత్వము మాత్రమే. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము అప్పగించినవాని మరణముతో అది అంతమగును. లాభములో వాటా పుచ్చుకొనినంతమాత్రమున పనివాడు భాగస్వామి కాజాలడని 1932 నాటి భాగస్వామ్య చట్టము చెప్పుచున్నది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము దగ్గరివారిని, దూరపువారిని, వారు లేనిచో మరింత దూరపువారిని వరుసగా పేర్కొని, ఎవ్వరును లేనిచో ఆస్తి ప్రభుత్వమునకు చెందునని ముగించినది. ఎన్నడును ముఖము చూడని జ్ఞాతి ఆ వరుసలో నున్నాడు; పెనము పట్టినవాడు లేడు.

రెండు వంశములు

వంశము జన్మచేత నొకటి, విద్యచేత నొకటి యని రెండు విధములుగ నుండునని మన వైయాకరణులు చెప్పిరి. తండ్రినుండి కొడుకునకు వచ్చునది జన్మవంశము. గురువునుండి శిష్యునకు వచ్చునది విద్యావంశము. వ్యాకరణమునకు, సంగీతమునకు మాత్రమే గాక ఇడ్లీకి గూడ ఇది చెల్లును. బాబాయి ఆస్తి ఏమి? నాలుగు చక్రముల బండి, గ్రైండరు, ఇడ్లీ పాత్రలు, పెనము, రెండు సిలిండర్లు. ఇనుప సామాను కొట్టువాడు వానికి కట్టు వెల స్వల్పము. అసలు ఆస్తి ఆయన చేతివాటము, వేళ తప్పని అలవాటు, ఆయనపై నలుగురికి గల నమ్మకము. అది బెంగుళూరునకు పోలేదు. అది విద్యావంశమున దిగి కుర్రవాని చేతిలో నిలిచినది. చట్టము జన్మవంశమును మాత్రమే ఎరిగియుండుటచేత ఇనుమునకు వారసుని చూపగలిగినదిగాని పనికి వారసుని చూపలేకపోయినది.

మన పూర్వులు ఈ విషయమును బొత్తిగా మరువలేదు. యాజ్ఞవల్క్యస్మృతిపై విజ్ఞానేశ్వరుడు మితాక్షరా వ్యాఖ్య వ్రాసెను. పదుమూడవ శతాబ్దమున మన కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ అను పేర ఆ శాస్త్రమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఆ స్మృతిలో పుత్రులు లేనివాని ధనమునకు వారసుల వరుస చెప్పబడినది. పత్ని మొదలుకొని బంధువుల వరకు చెప్పిన పిదప, వారెవ్వరును లేనిచో శిష్యునకు, తరువాత సహాధ్యాయికి ఆ ధనము చెందునని కలదు. శిల్పము నేర్చుకొనువాడు గురువు నింట భుజించుచు, ఒప్పుకొన్న కాలము ముగియువరకు తన పని ఫలమును గురువునకే యీయవలెనని గూడ ఆ స్మృతి చెప్పుచున్నది. కట్టుబాటు కఠినమైనదే; కాని దానికి గడువు కలదు. మన కుర్రవాని గడువేది? నేనా పాత ధర్మశాస్త్రమును మరల తెమ్మనుట లేదు. అందు కులభేదము, స్త్రీలయెడ అన్యాయము నిండియున్నవి. వానిని తొలగించుటకు మన పెద్దలు పడిన శ్రమ మరువదగినది కాదు. శిష్యుడను మాట మాత్రము ఆ పట్టిక చివరనైనను ఉన్నది. నేటి పట్టికలో ఎచ్చటను లేదు.

ఆక్షేపణలు

ఇందుకు రెండు ఆక్షేపణలు వినవచ్చును. రెండును విలువగలవియే.

మొదటిది: బదిలీకి సందిచ్చినచో డబ్బుగలవారు పది స్థలములు కొని, పేదలను కూలికి నిలబెట్టి, కాలిబాటను గుత్తకు తీసికొందురు. నిజము. బదిలీ నిషేధము పెట్టుటకు కారణమిదియే. ఈ నిషేధము తీసివేయుమని యే విజ్ఞుడును కోరడు.

రెండవది: సహాయకునకు హక్కిచ్చినచో యజమాని భార్య గతి ఏమి? “ఏకు మేకైనట్లు” ప్లేట్లు కడుగ వచ్చినవాడు రేపు బండినే తనదనును గదా యని బాబాయి బంధువులు నా ఎదుటనే అనిరి. జబ్బుపడినవాని భయము ఇంతకంటె పెద్దది. తానిక లేవలేడని తెలిసినకొలది తన చేతిలో మిగిలినది ఆ కార్డు ఒక్కటియే యని ఆయనకు తోచును. అది జారిపోయిన వారము వారము వచ్చు సొమ్ము ఆగునేమోయను బెంగ ఉండును. భార్యకు మొదటి హక్కిచ్చిన చట్టము ఆ బెంగను కొంత తీర్చినది. ఆ హక్కును తగ్గింపరాదు.

కాని ఈ రెండు ఆక్షేపణలకును సమాధానము మన పొలములలోనే కలదు. 1950లో హైదరాబాదు రాజ్యమున వచ్చిన కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారుడను పేర భూమి దున్నువానికి హక్కు కల్పించినది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టము మరియొక మెత్తని దారి చూపినది. యజమాని భూమిహక్కునకు భంగము లేకుండ, ఆయన అంగీకారముతో, కౌలుదారునకు పదునొకండు నెలల పత్రమిచ్చుట, ఆ పత్రముతో పంట రుణము, బీమా, నష్టపరిహారము పొందనిచ్చుట ఆ పద్ధతి. యజమానులు సంతకము పెట్టుటకు జంకుటచేత ఆ పత్రములు అందరికి అందలేదన్న మాట వాస్తవమే. అయినను సూత్రము సరియైనది: ఆస్తి ఎవరిదో వారిదే; పని ఎవరిదో వారికి గుర్తింపు. పొలమున ఒప్పుకొన్న సూత్రమును కాలిబాటపై ఏల ఒప్పుకొనరాదు?

చేయవలసినది

అయిదేండ్ల సర్వేలో యజమాని పేరుతోబాటు ఆయన సహాయకుని పేరు, ఎన్నేండ్లనుండి పనిచేయుచున్నాడో ఆ కాలము వ్రాయవలెను. ఇది మొదటి మెట్టు. దీనికి పెద్ద వ్యయము లేదు. యజమాని జబ్బుపడినను మరణించినను, భార్యగాని సంతానముగాని తాము నడుపలేమని కమిటీ యెదుట చెప్పినపుడు, వారి సమ్మతితో, నమోదైన సహాయకునకు ఆ స్థలమున వర్తకము చేయు అనుమతి యీయవలెను. ఆ సహాయకుడు మరియొక స్థలము గలవాడు కారాదు. తానే స్వయముగ పొయ్యి ముందు నిలువవలెను. ఈ రెండు నియమములతో గుత్తదారులకు దారి మూసికొనిపోవును. యజమాని కుటుంబమునకు ఎంతకాలము ఎంత ముట్టవలెనో అనుమతిపత్రముననే వ్రాసినచో ఆ ఇల్లాలి భయమును తీరును. నిర్ణయించు కమిటీలో వ్యాపారుల ప్రతినిధులున్నారు గదా! ఎవరు నిజముగ పనిచేసినవారో, ఎవరు నిన్న వచ్చి నిలిచినవారో వారికంటె బాగుగ ఎవరికి తెలియును?

చట్టము మారువరకు ఊరకుండ నక్కరలేదు. మాట తెలివిగా నున్నపుడే, చేయి వణకకముందే, యజమాని కొన్ని పనులు చేసికొనవచ్చును. సామానును విలువకట్టి వ్రాసికొనవచ్చును. తన స్వంతమైన బండిని, పాత్రలను ఇద్దరు సాక్షుల యెదుట వీలునామా వ్రాసి తాను కోరినవారికి ఈయవచ్చును. దానికి స్టాంపు కాగితము అవసరము లేదు. స్కానరును సహాయకుని ఖాతాకు మార్చి, వారపు సొమ్మును ఆ ఖాతానుండియే భార్య ఖాతాకు పంపు ఏర్పాటు చేయవచ్చును. ఇచ్చినదానికి, పుచ్చుకొన్నదానికి గుర్తు మిగులును. 2021లో ఆరంభమైన ఈ-శ్రమ్‌లో సహాయకుడు తన పేరు నమోదు చేసికొనినచో తాను ఫలానా పనివాడనని చూపుటకు ఒక ఆధారమైన కలుగును. వీనివలన స్థలముపై హక్కు రాదు. తగవు రాకుండ మాత్రము కాపాడును.

ఇచ్చట ఉపాధ్యాయ సోదరులకు ఒక మనవి. మనము పిల్లలచేత లేఖలు వ్రాయించుచున్నాము: సెలవుచీటి, పుస్తకములు పంపుమని దుకాణదారునకు జాబు, మిత్రునకు విహారయాత్రా వర్ణనము. ఒప్పందపత్రమొకటి ఏల వ్రాయింపరాదు? ఎవరు ఎవరికి ఏమి యిచ్చిరి, ఎప్పటివరకు, ఏ షరతుపై, మాట తప్పినచో ఏమి యను సంగతులను సందేహమునకు తావులేని తెలుగున వ్రాయుట చిన్న విద్య కాదు. మన విద్యార్థులలో తల్లిదండ్రులు బండ్లు, కొట్లు నడుపువారు ఎందరో కలరు. ఆ కాగితము వారి యిండ్లలో పనికివచ్చును.

నేను చెప్పుచున్నది చేసి చూచిన పనియే. సర్వే జరిగిన మరుసటి ఆదివారము నేనును కుర్రవాడును బాబాయి యింటికి పోయితిమి. ఉద్యోగి దయతలచి చెప్పిన సలహాపై, స్థలమున వర్తకము చేయు బాధ్యత ప్రస్తుతము ఆయన భార్య పేరనే ఉంచితిమి. ఆమె ఉదయము కొంతసేపు వచ్చి బండికడ కూర్చుండును. పాత్రలు, గ్రైండరు వెలకట్టి, ఆ సొమ్మును కుర్రవాడు రెండేండ్లలో తీర్చునట్లు వ్రాసితిమి. వారమునకు ఇచ్చునది వ్రాసితిమి. పప్పుకొట్టులోని పాత బాకీ ఎవరిదో వ్రాసితిమి. “పేరుకు ఏమైన కట్టవలెనా?” యని నేనడుగగా బాబాయి నవ్వెను.

“పేరుకి నేనేం రేటు కట్టను మాస్టారూ? వీడు పిండి పలచన చేస్తే రేపటికి పోతుంది. చెయ్యకపోతే వీడిదే.”

ఆయన భార్య మాత్రము ఒక వాక్యము చేర్పించినది: “మా ఆయన ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే మొదటి వాయి ఇడ్లీ ఇంటికి రావాలి, రాయండి.” వ్రాసితిని. దసరాకు వచ్చిన కొడుకు ఆ కాగితము ఆసాంతము చదివి సాక్షిగా సంతకము పెట్టెను. “ఈ పదహారేళ్ళూ నాన్న దగ్గరున్నది వాడే కదండీ” అనెను.

ఆ కాగితము కోర్టులో ఎంత నిలుచునో న్యాయవాదులు చెప్పవలెను. పురపాలకసంఘము ముందు అది నిలువదని మాత్రము నాకు తెలియును. ధ్రువపత్రము గడువు ఒకనాడు తీరును. ఆనాడు మరల ఎవరో ఉద్యోగి వచ్చి, “ఈయన నీకేమవుతాడు?” అని అడుగును. “నాకు పని నేర్పినాయనండీ” అని ఉన్న నిజము చెప్పి, ఆ కుర్రవాడు తన బండిని నిలుపుకొనగల ఏర్పాటు అప్పటికైన జరిగియుండవలెను.